హస్తవాసి

పుట్టిన బిడ్డ ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుంది గానీ కన్నీటి బొట్టు రాల్చదు. కొత్తగా అమ్మానాన్నలైనవాళ్ళు దీన్ని పట్టించుకోరు, ఏడుపు ఆపేసరికే వాళ్ళకి తాతలు దిగివస్తారు. కన్ను ఎండిపోకుండా కావలసిన తడి మొదటి రోజు నుంచే ఉంటుంది. బుగ్గ మీదికి జారేంత నీరు ఊరడానికి మాత్రం కొన్ని వారాలు పడుతుంది. ఇంచుమించు ఆ రోజుల్లోనే కొన్ని ఇళ్ళలో ఓ పొద్దున పిల్ల మెలకువ వచ్చాక కూడా కన్ను తెరవదు. రెప్పలు అతుక్కుపోయి, వెంట్రుకల కుదుళ్ళలో పసుపుపచ్చటి పుసి ఎండి పెచ్చు కట్టి ఉంటుంది. రెండో కన్ను మాత్రం గుండ్రంగా తెరిచి మనల్నే చూస్తూంటుంది, ఇందులో ఇంత గాభరా పడాల్సిందేముంది అన్నట్టు.

కారణం కంట్లో ఉండదు, ముక్కులో ఉంటుంది. రెప్పల అంచున, ముక్కు వైపు కొలుకులో, పైన ఒకటీ కింద ఒకటీ సన్నటి రంధ్రాలుంటాయి. అద్దం ముందు నిలబడి కింది రెప్పని కాస్త లాగి చూసుకుంటే ఎవరికైనా కనిపిస్తుంది. కంటి నీరు అందులోంచి దిగి, ముక్కు పక్కనున్న చిన్న సంచిలో చేరి, అక్కణ్ణించి ఒక గొట్టం గుండా ముక్కులోకి పోతుంది. మనం ఏడ్చినప్పుడల్లా ముక్కు చీదుకోవలసి రావడం అందుకే. ఈ గొట్టం బిడ్డ కడుపులో ఉండగానే తయారవుతుంది గానీ, ముక్కులోకి తెరుచుకునే చివర ఒక పల్చటి పొర మిగిలిపోతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ప్రాగ్‌లో పనిచేసిన హాస్నర్ అనే వైద్యుడి పేరు పెట్టారు దానికి. చాలామంది పిల్లల్లో ఆ పొర పుట్టేనాటికో, పుట్టిన కొద్దిరోజులకో దానంతటదే విచ్చుకుంటుంది. కొందరిలో విచ్చుకోదు. కుళాయి తిప్పారు, తూము మూత తీయలేదు. నీరు నిలుస్తుంది, నిలిచిన నీట్లో మామూలు సూక్ష్మజీవులు చేరతాయి, తెల్లారేసరికి పుసి కడుతుంది. తక్కువలో తక్కువ ఇరవైమంది పిల్లల్లో ఒకరికి ఇలా ఉంటుంది. వాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా, ఏ మందూ మాకూ లేకుండానే, మొదటి పుట్టినరోజు లోపల బాగైపోతారు.

ఈ తొంభై అన్న అంకె చూడ్డానికి ఎంత నిమ్మళంగా ఉంటుందో ఇంట్లో అంత గొడవ పెడుతుంది. ఎందుకంటే అది మనల్ని ఊరుకోమంటుంది. పురిటి ఇంట్లో ఊరుకునేవాళ్ళెవరు?

మా అమ్మాయి పురిటికి కాకినాడ వచ్చినప్పుడు ఈ సంగతి నాకు పూర్తిగా బోధపడింది. పిల్లకి మూడో వారం నడుస్తోంది. రెండు కళ్ళూ పుసి కట్టిన వార్త పెరటిగోడ దాటడానికి కాఫీ తాగినంతసేపు కూడా పట్టలేదు. పక్కింటావిడ తల్లిపాలు ఒక చుక్క వెయ్యమంది. మా వదినగారు రాజమండ్రి నుంచి ఫోన్ చేసి రోజ్‌వాటర్ అంది. పాలు పోసే ఆమె నందివర్ధనం పూలు మంచులో తడిసినవి తెచ్చి కళ్ళ మీద పెట్టమంది. ఇంకెవరో పసుపు నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ. మా ఆవిడ ఎవరినీ కాదనకుండా అన్నవరం సత్యనారాయణస్వామికి వ్రతం మొక్కుకుంది. అన్నిటికన్నా పెద్ద సిఫార్సు సామర్లకోట నుంచి పెట్టెతో సహా దిగింది. ఎనభై దాటిన మా అత్తగారు.

"ఆముదం చుక్క వేస్తే తెల్లారేసరికి చేతితో తీసినట్టు పోతుంది. కాటుక పెట్టలేదు, అందుకే వచ్చింది ఇదంతా."

"అమ్మమ్మా, డాక్టరమ్మ కంట్లో ఏమీ వెయ్యొద్దని చెప్పారు" అంది మా అమ్మాయి.

"ఏమీ వెయ్యకుండా పిల్లల్ని పెంచడం ఎక్కడైనా విన్నామా?" అని ఆవిడ నా వైపు తిరిగారు. "అల్లుడుగారూ, మీరైనా చెప్పండి."

అల్లుడుగారు చెప్పేవాటికి ఆ ఇంట్లో ఏపాటి విలువో ఇద్దరికీ తెలుసు. నేను పేపరు వెనక్కి తప్పుకున్నాను.

నిజానికి ఆవిడ ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. మన ఇళ్ళలో చంటిపిల్లల మీద ప్రేమ ఎప్పుడూ ఏదో ఒకటి వెయ్యడంగానే ఉంటుంది. మాడు మీద ఆముదం, ఒంటికి నలుగు, బొడ్డుకి ఏదో పొడి, చెవిలో నూనె, స్నానం చివర సాంబ్రాణి పొగ, కంటికి కాటుక. ఒక్కోటి ఒక్కో మనిషి వాటా. లాల పొయ్యడం అమ్మమ్మది, కాటుక దిద్దడం మేనత్తది, ధూపం వెయ్యడం ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళది. డాక్టరు వచ్చి ఇవేమీ వద్దంటే వద్దన్నది ఆముదాన్ని మాత్రమే కాదు, ఆముదం గిన్నె పట్టుకుని నిలబడ్డ మనిషిని కూడా. కొత్తగా తల్లి అయిన పిల్లలు ఫోన్‌లో చదివి అమ్మమ్మలతో గొడవపడేటప్పుడు ఈ మాట తోచదు వాళ్ళకి.

కాటుక సంగతే తీసుకోండి. ఇంట్లో చేసిన కాటుక చిన్న విషయం కాదు. పొన్నగంటాకు దంచి రసం తీసి, అందులో మెత్తటి నూలుగుడ్డ తడిపి నీడలో ఆరేసి, మళ్ళీ తడిపి మళ్ళీ ఆరేసి, వత్తి పేనాలి. ప్రమిదలో ఆముదం పోసి ఆ వత్తి వెలిగించాలి. అటూ ఇటూ ఇటుకలు పేర్చి, గంధం రాసిన ఇత్తడి పళ్ళెం మంట మీద బోర్లించాలి. గాలి తగలని మూల, రాత్రంతా. పొద్దున్న ఆ పళ్ళానికి పట్టిన మసిని ఈకతో దులిపి, వెన్నో ఆవునెయ్యో వేసి అరచేతిలో నూరి, భరిణెకెత్తాలి. మా అత్తగారు ఈ పనంతా ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, తడిబట్టతో చేసేవారు. ఆ రాత్రి ఇంట్లో వచ్చే వాసన, ఆముదం కాలిన వాసనకి గంధం కలిసింది, నాకింకా తెలుసు. ఇంత పని చేసి పట్టుకొచ్చిన భరిణెను "పెట్టకండి" అనడానికి గుండె రాయి చేసుకోవాలి.

అనక తప్పదు. మసి ఎంత మెత్తగా నూరినా రేణువే. అసలే మూసుకున్న దారికి ఇంకో అడ్డం. పెట్టే వేలు, ఆ వేలి గోరు, నెలల తరబడి అందరి వేళ్ళూ పడ్డ భరిణె, ఇవి చాలు పుసి నుంచి నిజమైన కండ్లకలకలోకి దించడానికి. బజారులో దొరికే సుర్మాలదైతే ఇంకో కథ. అందులో చాలావాటికి మూలం గెలీనా అనే రాయి, అంటే సీసపు ఖనిజం. సీసం పసివాళ్ళ రక్తంలోకి వెళ్తే మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. అమెరికాలో ఈ రకం సుర్మా, కాజల్ అమ్మకానికి అనుమతే లేదు, అయినా మనవాళ్ళ సూట్‌కేసుల్లో పచ్చళ్ళ పక్కన చేరిపోతుంటాయి. మా ఇంట్లో చివరికి సంధి కుదిరింది. కాటుక కంటికి కాదు, అరికాలికి. దిష్టి తగలకుండా ఉండడానికి అరికాలి చుక్క చాలునని ఒప్పుకోవడానికి మా అత్తగారికి రెండు పూటలు పట్టింది. ఆవిడ అడిగింది ఒకటే: "కాలు కింద ఉన్న చుక్క ఎవరి కంట పడుతుందమ్మా?" దానికి నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు.

ఆముదం మాత్రం అంత సులువుగా వదల్లేదు. లాల పోసేటప్పుడు మాడు మీద పెట్టిన ఆముదం ఎలాగూ కొంచెం కంట్లోకి జారుతుంది, దాన్ని ఆపేదెవరు అన్నట్టు ఉండేది ఆవిడ ధోరణి. మా అమ్మాయి పక్కనే పీట వేసుకుని కూర్చునేది.

తల్లిపాల మాట వేరు. ఆ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. ముర్రుపాలలో, ఆ తర్వాతి పాలలో కూడా రోగాన్ని ఎదిరించే పదార్థాలున్నాయి, అది నిజం. వేసిన ఇళ్ళలో పిల్లలకేమీ కాలేదు, అదీ చాలామట్టుకు నిజం. కానీ పాలు శుభ్రపరిచిన మందు కాదు, అందులో చక్కెర ఉంది. పైగా నిజంగా జబ్బు ఉన్న కంట్లో పాలు వేసి రెండ్రోజులు చూద్దామనుకుంటే ఆ రెండ్రోజులే ప్రమాదం. డాక్టరమ్మ ఈ మాట ఒక్క ముక్కలో చెప్పేసింది: "పాలు నోట్లోకే పొయ్యండమ్మా, కంటికి అక్కడినుంచే అందుతాయి."

కంట్లో ఏదో ఒకటి వెయ్యాలన్న తపన మన అమ్మమ్మలకే ఉందనుకుంటే పొరపాటు. ఒకప్పుడు యూరప్‌లో అంధుల బడుల్లో పిల్లల్ని అడిగితే, వాళ్ళలో ఎందరో పుట్టిన వారంలోనే చూపు పోగొట్టుకున్నవాళ్ళు. తల్లికి గనోరియా, మన పెద్దలు సెగ అనేది, ఉంటే ప్రసవంలో బిడ్డ కళ్ళకి అంటుకుంటుంది. రెండో రోజు నుంచి అయిదో రోజు లోపల రెప్పలు ఉబ్బి, చీము ధారగా కారుతుంది. నల్లగుడ్డు మీద పుండు పడి చిల్లి పడడానికి ఒక్క రోజు చాలు. 1879లో ఆల్బర్ట్ నైసర్ ఆ క్రిమిని కనిపెట్టాడు. మరుసటి ఏడాది లైప్‌జిగ్‌లో ప్రసూతి ఆసుపత్రి నడుపుతున్న కార్ల్ క్రెడే, ఆ తల్లికి ఉందా ఈ తల్లికి లేదా అని చూడకుండా, పుట్టిన ప్రతి బిడ్డకీ కళ్ళు తుడిచి గాజుపుల్లతో రెండు శాతం సిల్వర్ నైట్రేట్ ఒక్కో చుక్క వేయించడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన ఆసుపత్రిలో ఇంచుమించు పదిమందిలో ఒకరికి కళ్ళు చీము పట్టేవి. ఆ చుక్క తర్వాత వందలో ఒకరికి కూడా పట్టలేదు. ఆ మందు పిల్లల కళ్ళని ఓ రోజంతా ఎర్రగా మండించేది. అయినా వేశారు, దశాబ్దాలపాటు దేశదేశాల్లో వేశారు. గుడ్డితనంతో పోలిస్తే మంట ఏపాటిది?

ఇప్పుడు సిల్వర్ నైట్రేట్ పోయి ఎరిత్రోమైసిన్ ఆయింట్‌మెంట్ వచ్చింది. డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య కొడుక్కి పాప పుట్టినప్పుడు, బొడ్డు కోసిన కాసేపటికే కళ్ళలో జిగురుగా ఏదో పూశారట. వాడు కంగారుపడి అడిగితే నర్సు, ఇది రాష్ట్ర చట్టం అందట. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అంతే. బ్రిటన్‌లో మాత్రం అలా అందరికీ పుయ్యరు. కళ్ళు చీము పడితే అప్పుడు గట్టిగా పట్టుకుంటారు. రెండూ చదువుకున్న దేశాలే. ఒకటి వెయ్యమంటుంది, ఇంకోటి ఆగి చూడమంటుంది. మా వసారాలో జరిగిన వాదనే అక్కడ మంత్రిత్వ శాఖల్లో జరుగుతోందని మా అత్తగారికి చెబితే ఆవిడ మొహం వెలిగిపోయింది. "చూశారా" అన్నారు. ఏం చూడాలో చెప్పలేదు.

కాబట్టి ఊరుకోవడం అంటే కళ్ళు మూసుకోవడం కాదు. నెల లోపు పిల్లకి పుసి కట్టిందంటే ఒకసారి డాక్టరుకి చూపించాల్సిందే, ఇందులో వాదన లేదు. మా డాక్టరమ్మ పిల్లని చూడ్డానికి ముందే అడిగిన ప్రశ్నలు నాకు బాగా నచ్చాయి. ఎన్నో రోజున మొదలైంది? తెల్లగుడ్డు తెల్లగానే ఉందా, ఎర్రబారిందా? రెప్పలు వాచాయా? తుడిచాక మళ్ళీ ఎంతసేపటికి చేరుతోంది? కిటికీ వైపు తిప్పితే కళ్ళు గట్టిగా బిగిస్తోందా? పాలు తాగుతోందా? తెల్లగుడ్డు తెల్లగా ఉండి, పిల్ల హాయిగా పాలు తాగి నిద్రపోతూ, నిద్ర లేచినప్పుడు మాత్రం పుసి ఉంటే అది దాదాపు ఎప్పుడూ ఆ మూసుకున్న దారే. ఎర్రబడి వాచి చీము కారుతుంటే ఆ పూటే ఆసుపత్రి. ఒకటి రెండు వారాల వయసులో వచ్చే క్లమీడియా అనేది ఇంకోటుంది, దానికి చుక్కల మందు చాలదు, నోటి ద్వారా మందు పడాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకీ దిగుతుంది. కంటి కొలుకు పక్కన నీలంగా బుడిపె లేచినా, నల్లగుడ్డు పొగచూరినట్టున్నా, ఒక కన్ను రెండోదానికన్నా పెద్దదిగా కనిపించినా అది పుసి కథ కాదు.

డాక్టరు దాకా వెళ్ళలేని ఇళ్ళకి కూడా ఈ ప్రశ్న వెళ్తుంది, ఆశా కార్యకర్త చేతి కాగితంలో. ఆసుపత్రిలో పుట్టిన పిల్లకైతే మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో ఆమె ఇంటికి రావాలి. 2011 నుంచి ఈ పద్ధతి ఉంది. బరువు తూచి, ఒళ్ళు వేడి చూసి, అడగాల్సినవి అడిగి రాసుకుంటుంది. కళ్ళు వాచాయా, చీముందా అన్నది అందులో ఒకటి. మా వీధికి వచ్చే అమ్మాయి చెప్పులు గుమ్మంలో విడిచి, నేరుగా కుళాయి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, చేతులు తుడుచుకోకుండా గాలికి ఆరనిచ్చి, అప్పుడు పిల్లని తీసుకుంది. పలకరించడానికి వచ్చిన మా చుట్టాల్లో ఒక్కరూ ఆ పని చెయ్యలేదు.

ఇక ఇంట్లో చేసేదేమిటంటే, చెబితే నవ్వుతారు, తుడవడం. నీళ్ళు కాచడం నా వంతుకి వచ్చింది. పురిటి ఇంట్లో మగవాడికి ఏదో ఒక పని అప్పగించి వంటింట్లోంచి పంపించెయ్యడం ఆనవాయితీ కదా, నన్ను మాత్రం వంటింట్లోకే పంపించారు. శుభ్రంగా తోమిన స్టీలు గిన్నె, మూత. నీళ్ళు తెర్లి మరగాలి, మూతతోనే చల్లారాలి, వేలు పెట్టి చూడకూడదు. మా అత్తగారు వేలు పెట్టి చూస్తే మళ్ళీ కాచేవాణ్ణి. ఏ పూటకా పూట కొత్త నీళ్ళు.

తుడిచేది మా అమ్మాయి. పిల్లని మెత్తటి పాత నేత చీర ముక్కలో చేతులు లోపలికి పెట్టి చుట్టేది, లేకపోతే ఆ గుప్పెళ్ళు సరిగ్గా పని మొదలయ్యే వేళకి మొహం మీదికి వస్తాయి. దూది ఉండ నీళ్ళలో ముంచి గట్టిగా పిండాలి. పొడి దూది పోగులు రెప్ప వెంట్రుకలకి చుట్టుకుంటాయి, ఓడే దూది చెవిలోకి కారుతుంది. పుసి తక్కువున్న కన్ను ముందు, ఎక్కువున్నది తర్వాత. పెచ్చు మీద తడి దూది కాసేపు ఆనించి ఉంచితే అది నాని మెత్తబడుతుంది, గోటితో గిల్లాల్సిన పని ఉండదు. అప్పుడు ముక్కు వైపు కొలుకు నుంచి చెవి వైపుకి ఒక్క తుడుపు. ఆ ఉండ అక్కడితో సరి, ఎంత తెల్లగా కనిపించినా రెండోసారి ఆడించకూడదు, రెండో కంటికి అసలు కూడదు. ఒక ఉండ, ఇంకో ఉండ, ఇంకోటి. నాలుగో ఉండకి వెంట్రుకలు ఒక్కొక్కటే విడివడతాయి. నలకంత పుసి ముద్ద చివరి తుడుపుకి జారి వచ్చేస్తుంది. రెప్ప కొంచెం అదిరి, తెరుచుకుంటుంది. ఆ పని జరుగుతున్నంతసేపూ మా ఇంట్లో టీవీ కూడా నోరు మూసుకునేది.

తుడవడం తర్వాత రుద్దడం. కొలుకు పక్కన, ముక్కు ఎముక మొదలయ్యేచోట, సంచి ఉంటుంది. గోరు బాగా కత్తిరించుకుని, చేతులు కడుక్కుని, చిటికెన వేలు కొన అక్కడ ఆనించి, కొంచెం నొక్కి, ముక్కు వెంబడి కిందికి జార్చాలి. ఒక్కో విడతకి అయిదారు సార్లు, రోజులో మూడు నాలుగు విడతలు. ఊరికే సంచి పిండడం కాదు. పైన మార్గం మూస్తూ కిందికి నొక్కితే, లోపలి నీటి ఒత్తిడి వెళ్ళి ఆ పొరని తడుతుంది, తట్టగా తట్టగా అది విచ్చుకుంటుంది. క్రిగ్లర్ అనే అమెరికా వైద్యుడు 1923లో రాసిన పద్ధతి, నూరేళ్ళు దాటినా దీనికన్నా మెరుగైనది రాలేదు. ఎంత నొక్కాలన్నదే చిక్కు. మాటల్లో చెబితే ఒకరు పిల్లని ముట్టుకోవడానికే భయపడతారు, ఇంకొకరు చపాతీ ఒత్తుతారు. డాక్టరమ్మ మా అమ్మాయి ముంజేతి మీద తన వేలుతో నొక్కి జార్చి చూపించింది: "ఇంత. దీనికి తక్కువైతే ప్రయోజనం లేదు, ఎక్కువైతే పిల్ల ఊరుకోదు."

మా అత్తగారు చెయ్యి చాపారు, నాకూ చూపించమని. చూపించాక పెదవి విరిచారు. "ఇదేం కొత్తమ్మా? లాల పోసేటప్పుడు ముక్కు నిలబడాలని మేం రోజూ చేసేదే."

"మీరు ముక్కు కోసం చేశారు మామ్మగారూ, ఇప్పుడు కంటి కోసం చెయ్యండి. పైనుంచి కిందికే సుమా. నూనె లేకుండా."

ఆ రోజు నుంచి ఆముదం ఊసు తగ్గింది. డాక్టరమ్మ ఆవిడ చేతిలో గిన్నె దింపించి ఊరుకోలేదు, బదులుగా ఓ పని పెట్టింది. నేను చూసిన వైద్యంలో అంత తెలివైన చీటీ ఇంకోటి లేదు, అదీ కాగితం మీద రాయనిది. మందుల షాపులో ఈ మాత్రం ఓపిక ఉండదు. పిల్లకి కన్ను పుసి కట్టిందని చెబితే అడిగిన మరుక్షణం ఒక చుక్కల సీసా బల్ల మీద పెడతారు, అందులో స్టెరాయిడ్ కలిసి ఉన్నా ఎవరూ చదవరు. మూసుకున్న దారికి యాంటీబయోటిక్ చుక్కలతో పనే లేదు. కన్ను ఎర్రబడితే, చీము చిక్కబడితే డాక్టరు రాసి ఇస్తారు. అప్పుడు కూడా ఆ పుసిని అది తగ్గిస్తుందే తప్ప దారి తెరవదు.

పదింట తొమ్మిది ఇళ్ళలో దానంతటదే తగ్గే జబ్బుకి ఏ మందు వేసినా పదింట తొమ్మిది ఇళ్ళలో పని చేస్తుంది. ఆముదం వేసిన ఇంట్లో ఆముదానికి పేరొస్తుంది, రోజ్‌వాటర్ వేసిన ఇంట్లో రోజ్‌వాటర్‌కి. తాయెత్తు కట్టిన ఇంట్లో తాయెత్తు వెండిదైతే ఇంకా పేరొస్తుంది. తగ్గిన రోజున చేతిలో ఏ గిన్నె ఉంటే ఆ గిన్నెకే ఘనత. మా అత్తగారు నలుగురు పిల్లల్నీ, వాళ్ళ పిల్లల్నీ ఆముదంతో నయం చేశానని చెబితే ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. ఆముదం వేశారు, తగ్గింది, రెండూ నిజమే. వెయ్యని ఇంట్లో కూడా తగ్గిందన్న సంగతి ఆవిడ చూడలేదు. ఏ ఇంట్లోనైనా ఎవరు చూస్తారు? ఏమీ వెయ్యని ఇల్లు ఆవిడ ఎరిగిన లోకంలోనే లేదాయె. వాడవాడలా హస్తవాసి మంచి చేతులు ఇన్ని ఉండడానికి ఇలాంటి జబ్బులే సగం కారణమని నా అనుమానం. జలుబులు, పసిరికలు, పాలు కక్కడం, రాత్రేడుపులు, ఈ కంటి పుసులు. క్రిగ్లర్ మర్దనకి కూడా ఇందులో కొంత ఉచిత కీర్తి కలిసే ఉంటుంది. కాకపోతే అది ఎలా పని చేస్తుందో వేలు పెట్టి చూపించవచ్చు, చెయ్యడం వల్ల కీడూ లేదు. నేను దాని పక్షం.

చిక్కల్లా ఆ పదో ఇంట్లో. ఇంకా అరుదుగా, నైసర్ కనిపెట్టిన క్రిమి దూరిన ఇంట్లో. అక్కడ పేరున్న గిన్నె ఏదీ పని చెయ్యదు, అయినా తొమ్మిది ఇళ్ళ సాక్ష్యం ధైర్యంగా ముందుకొస్తుంది: "మా వాడికి తగ్గలేదూ?" ఆ సాక్ష్యం వింటూ కూర్చున్న రెండ్రోజులు ఒక కన్ను ఖరీదు చెయ్యవచ్చు. అందుకే డాక్టరమ్మ మందు పేరుకన్నా ముందు ఎన్నో రోజున మొదలైందని అడిగింది.

ఎదురుచూడడం చుట్టాలకి మరీ కష్టం. బారసాలకి వచ్చిన ప్రతివాళ్ళూ పిల్ల మొహంలో మొదట కన్నే చూశారు. ఫొటోగ్రాఫరు కుడివైపు నుంచే తీస్తానన్నాడు. "ఇంకా తగ్గలేదా?" అన్నది పలకరింపు అయిపోయింది. ఏం వేస్తున్నారని అడిగితే కాచిన నీళ్ళని చెప్పడానికి మా ఆవిడకి నామోషీగా ఉండేది, "మందు వాడుతున్నాం" అని ఊరుకునేది. పట్టణంలో ఇన్ని ఆసుపత్రులు పెట్టుకుని కాచిన నీళ్ళేమిటని వాళ్ళు అనుకోకూడదు కదా. ఖరీదు లేని వైద్యానికి మర్యాద ఉండదు.

అయిదో నెలలో, సారె సర్దుతున్న రోజుల్లో, కుడి కన్ను పుసి కట్టడం మానేసింది. ఏ రోజున మానేసిందో కూడా ఎవరూ సరిగ్గా చెప్పలేరు, తుడవబోతే ఏమీ రాలేదు. ఆ సాయంత్రం ఇంట్లో ఘనత పంపకాలు జరిగాయి. మా ఆవిడ అన్నవరం వ్రతానికి ముహూర్తం చూడమంది. మా అమ్మాయి ఏమీ అనలేదు గానీ తన చిటికెన వేలు ఒకసారి చూసుకుంది. మా అత్తగారు చూసుకోలేదు, చెప్పేశారు, అది ఆవిడ హస్తవాసి. నా నీళ్ళ గిన్నె ప్రస్తావన రాలేదు.

ఎడమ కన్ను మాత్రం అలాగే ఉంది. కొంచెం నీరు, పొద్దున్న కొంచెం పుసి, తెల్లగుడ్డు మల్లెపూవే. ఏడాది దాటేదాకా రుద్దుతూ ఉండండి, అప్పటికీ తెరుచుకోకపోతే కాసేపు మత్తిచ్చి సన్నటి తీగ ఒకటి ఆ దారిలోంచి పంపిస్తాం, కొద్ది నిమిషాల పని, అదే రోజు ఇంటికి రావచ్చు అంది డాక్టరమ్మ. ఈ కబురు చెప్పడానికి విశాఖపట్నంలో ఉన్న మా అల్లుడికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాం. ఒకే పిల్ల, ఒకే నీళ్ళు, అవే చేతులు, మరి ఒక కన్ను తగ్గి ఇంకోటి తగ్గకపోవడమేమిటని అతను అడిగాడు. ఇంజనీరు, అలాగే అడుగుతాడు. ఎవరం ఏం చెప్పాలో ఆలోచిస్తుండగా మా అత్తగారు వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు.

"అందులో అంత ఆలోచించాల్సిందేముంది? కుడి కన్ను మన వైపుది, చెప్పిన మాట వింది. ఎడమది వాళ్ళ వైపుది" అన్నారు.

ఫోన్ స్పీకర్‌లో ఉందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.